గుండె దడతో వచ్చిన కుర్రాడు: ఒక వేపింగ్ (ఈ-సిగరెట్) కేసు

(మనిషిని ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, ఊరు, ఉద్యోగం వివరాలు మార్చాను. అతని అనుమతితోనే రాస్తున్నాను.)

ఎందుకు వచ్చాడు

వయసు 23. ఊరు నల్గొండ వైపు. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, కొండాపూర్‌లో హాస్టల్. ఆరు నెలలుగా గుండె దడ, అరచేతులు చల్లబడటం, ఉన్నట్టుండి ఊపిరి అందనట్టు అనిపించడం, రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టకపోవడం. రెండుసార్లు అర్ధరాత్రి ఎమర్జెన్సీకి కూడా వెళ్లాడు. ఈసీజీలో గుండె వేగం ఎక్కువగా ఉంది, లయలో తేడా లేదు. ఎకో, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ నార్మల్. గుండె డాక్టర్ గారు యాంగ్జైటీ అని రాసి, దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ ఇచ్చి, మానసిక వైద్యుల దగ్గర చూపించుకోమన్నారు. అలా తల్లిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఏమైందో ఏమో మేడం, పోరడు సక్కగ తింటలేడు, పండుకుంటలేడు. ఊకె కోపానికొస్తుండు," అన్నారామె.

తెచ్చిన కాగితాలన్నిటి మీదా పొగ తాగే అలవాటు 'లేదు' అని ఉంది. అందులో అబద్ధం లేదు. అతను ఎప్పుడూ సిగరెట్ ముట్టలేదు. బీడీలు మానలేక తండ్రి దగ్గుతుంటే చూస్తూ పెరిగినవాడు, ఆ వాసనంటేనే పడదు. అడిగినదానికి నిజమే చెప్పాడు.

ఈ వయసు పిల్లలు దడ, నిద్రలేమి అని వస్తే నేను పెద్దవాళ్లను కాసేపు బయట కూర్చోమని, పేర్లు పెట్టి విడివిడిగా అడుగుతాను. సిగరెట్? బీడీ? గుట్కా? హుక్కా? వేప్, పాడ్, డిస్పోజబుల్ (ఇవన్నీ ద్రవాన్ని బ్యాటరీతో వేడిచేసి పీల్చే ఈ-సిగరెట్లే)? ఎనర్జీ డ్రింకులు? గంజాయి? అడగడానికి ముందే, ఇది పోలీసులకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ చేరదని చెప్తాను. మన దేశంలో 2019 నుంచి ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రచారం, నిల్వ అన్నీ నేరమే. నిషేధం సంగతి తెలుసు కాబట్టి పిల్లలు డాక్టర్ ముందు కూడా నోరు విప్పరు.

ఈ కుర్రాడు తలుపు వైపు ఒకసారి చూసి చెప్పాడు: "వేప్ ఉంది మేడమ్. కానీ అది ఉత్త ఫ్లేవరే కదా."

అతని మాటల్లో వేప్

మొదటిది ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో, రూమ్మేట్ చేతిలోంచి. మామిడిపండు రుచి, వెనకాలే గొంతులో చల్లదనం. దగ్గు రాలేదు. "పది సెకన్లల్ల తలకాయంతా తేలిపోయినట్టు ఐతది మేడమ్. కాళ్లల్ల జివ్వుమంటది. అంతా మంచిగనిపిస్తది," అన్నాడు. ఆ రాత్రే ఇంకో పది పన్నెండు దమ్ములు వరసగా లాగితే నోట్లో నీళ్లూరి, చెమట పట్టి, కడుపులో తిప్పి వాంతి చేసుకున్నాడు. గోడ పట్టుకుని కూర్చున్నాడట. దాన్ని ఎవరూ విషంగా అనుకోలేదు. "నిక్ సిక్ (నికోటిన్ ఎక్కువై వచ్చే వికారం) అయింది, అలవాటైతే పోతది" అన్నారు దోస్తులు. చెప్పినట్టే పోయింది కూడా.

ఉద్యోగంలో చేరాక రోజూ అలవాటైంది. నేను చూసేనాటికి, పక్క మీంచి లేవకముందే దిండు కింద తడిమి రెండు మూడు దమ్ములు. బాత్రూమ్‌లో ఇంకో నాలుగు. అది లేకపోతే విరేచనం కూడా రాదని నమ్మకం. ఆఫీసులో మెట్ల దగ్గర, బిల్డ్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా తయారుచేసే ప్రక్రియ) రన్ అవుతున్నంతసేపు, టీ తాగాక, బిర్యానీ తిన్నాక, రాత్రి గేమ్ ఆడుతూ దుప్పట్లో. నిద్ర మధ్యలో మెలకువ వస్తే అప్పుడూ. రోజుకు ఎన్నిసార్లని అడిగితే అతని దగ్గర లెక్క లేదు. నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది ఈ లెక్క లేకపోవడమే. సిగరెట్ అయిపోతుంది. పీక పారేస్తాం, ఇంకోటి వెలిగించాలంటే బయటికి వెళ్లాలి, వాసన వస్తుంది, ఎవరైనా చూస్తారు. వేప్‌కి అలాంటి ముగింపు లేదు. పొద్దున మొదలైన ఒకే దమ్ము రాత్రిదాకా ముక్కలు ముక్కలుగా సాగుతుంది.

ఒంట్లో మార్పుల గురించి ఒక్కొక్కటే అడుగుతూ పోతే చాలానే బయటపడ్డాయి. ఎప్పుడూ నోరు ఎండిపోవడం, పొద్దునే గొంతు గరగర, పొడి దగ్గు. కూరలో ఉప్పు కారం తెలియకపోవడం. మూడో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం. ఆదివారం క్రికెట్‌లో బౌలింగ్ మానేసి వికెట్ కీపింగ్‌కి మారాడు. వేళ్లు చల్లగా, కొంచెం పాలిపోయినట్టు. మధ్యాహ్నాలు తలనొప్పి. అప్పుడప్పుడు ఎక్కిళ్లు.

మనసు సంగతి అడిగితే మాత్రం వేప్ పక్షానే మాట్లాడాడు. "టెన్షన్ వస్తే అదొక్కటే కంట్రోల్ చేస్తది. అది లేకపోతే కోడ్ మీద ధ్యాస నిలవదు." వేప్ తన రోగానికి మందని అతని నమ్మకం. నా దగ్గరికి వచ్చింది దాన్ని మానడానికి కాదు, దడకు మందు కోసం.

నాడి చెప్పిన సంగతి

మొదటి విజిట్‌లో ఎప్పటిలాగే ముందు నాడి, బీపీ చూశాను. నాడి 84, బీపీ 126/80. మాట్లాడుతుండగా అరగంట దాటింది. అతని మోకాలు ఆడటం మొదలైంది, ఆవలింతలు, గోళ్లు గిల్లుకోవడం, జవాబులు పొట్టిగా వస్తున్నాయి. నలభై నిమిషాలకు వాష్‌రూమ్ అని లేచాడు. తిరిగొచ్చినప్పుడు ముఖంలో తేటదనం, కాలు ఆడటం లేదు, నవ్వాడు కూడా.

"ఇప్పుడు ఎలా ఉంది?" అన్నాను.

"రిలాక్స్‌గా ఉంది మేడమ్."

వెంటనే నాడి చూశాను. 104. బీపీ 138/88. ఆ అంకెలు అతనికే చూపించాను. తను రిలాక్స్ అయ్యానంటున్నాడు, గుండె మాత్రం నిమిషానికి ఇరవైసార్లు ఎక్కువగా కొట్టుకుంటోంది. కాసేపు నమ్మలేదు. తన చేతి వాచీలో చూసుకున్నాడు, అదీ 100 పైనే చూపించింది.

ఈ కేసు మొత్తంలో నాకు ముఖ్యమైనది ఆ పది నిమిషాలే. దమ్ము లాగాక నికోటిన్ ఊపిరితిత్తుల్లోంచి రక్తంలోకి, అక్కణ్నుంచి మెదడుకి పది ఇరవై సెకన్లలో చేరుతుంది. అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం కోసం ఉన్న గ్రాహకాల (నాడీకణాలు సంకేతాలు అందుకునే చోట్లు) మీద కూర్చుని, సుఖాన్నిచ్చే డోపమిన్‌ను విడుదల చేయిస్తుంది. బాగుందనిపించేది అందుకే. అదే సమయంలో అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, బీపీ పెరుగుతాయి, వేళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి. అతను ఎమర్జెన్సీకి పరుగెత్తినప్పటి దడ, చల్లటి చేతులు ఇవే. దడకు భయం, భయానికి వేప్, వేప్‌కి మళ్లీ దడ.

మరి ఆ 'రిలాక్స్' అబద్ధమా? కాదు, అతనికి నిజంగానే అలా అనిపిస్తుంది. ఎక్కువకాలం నికోటిన్ అందుతుంటే ఆ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. రక్తంలో నికోటిన్ సుమారు రెండు గంటలకు సగమవుతుంది. మెదడులో స్థాయి జారడం మొదలవగానే చిరాకు, నిలకడలేమి, ధ్యాస చెదరడం, ఏదో వెలితి మొదలవుతాయి. ఇంకో దమ్ముతో అవి సర్దుకుంటాయి. వేప్ తీసేసిన ఆ టెన్షన్ పుట్టింది అరగంట ముందటి వేప్‌లోంచే. అప్పుకు వడ్డీ కట్టిన రోజున గుండె తేలికపడ్డట్టు అనిపిస్తుంది కానీ అసలు అలాగే ఉంటుంది. ధ్యాస సంగతీ అంతే. వేప్ మొదలుపెట్టకముందు ఇంజనీరింగ్ మూడేళ్లు ధ్యాస ఎలా నిలిచిందని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు.

తల తేలిపోయే ఆ 'బజ్' ఇప్పుడు రోజంతా రాదు, పొద్దున మొదటి దమ్ముకే వస్తుందని అతనే చెప్పాడు. పగలంతా నికోటిన్‌లో మునిగి మొద్దుబారిన గ్రాహకాలు రాత్రి నిద్రలో కొంత తేరుకుంటాయి. అందుకే మొదటి దమ్ముకి అంత ఊపు. మిగతా రోజంతా లాగేది ఆ సుఖం కోసం కాదు, మామూలుగా ఉండటం కోసం.

ఆ 'ఉత్త ఫ్లేవర్'లో ఏముంది

అతని జేబులోది ఒక డిస్పోజబుల్. 12 మిల్లీలీటర్లు, 5 శాతం అని రాసుంది. 5 శాతమంటే మిల్లీలీటరుకు సుమారు 50 మిల్లీగ్రాముల నికోటిన్. మొత్తం 600. మామూలుగా ఒక సిగరెట్ తాగితే ఒంట్లోకి చేరేది ఒకటి, ఒకటిన్నర మిల్లీగ్రాములు. వేప్ ద్రవంలో ఉన్నదంతా ఒంటికి పట్టదు, చాలాభాగం బయటికి వదిలిన మబ్బులో పోతుంది. అయినా వారంలో ఒకటి ఖాళీ చేసే మనిషికి అందే మోతాదు చిన్నది కాదు. పైగా దొంగచాటు సరుకు, పెట్టె మీద రాసిందే లోపల ఉందని చెప్పేవాళ్లు లేరు.

ఇంత మోతాదు దగ్గు లేకుండా గొంతు దిగడానికి కారణం నికోటిన్ సాల్ట్. పాత రకం వేప్‌లలో వాడిన నికోటిన్ క్షార గుణం వల్ల గొంతులో మండేది, ఎక్కువ లాగలేకపోయేవారు. దానికి బెంజోయిక్ యాసిడ్ లాంటి ఆమ్లం కలిపితే మంట తగ్గుతుంది. 2015లో అమెరికాలో జూల్ వచ్చాక ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. దాని మీద మెంతాల్ లాంటి చల్లదనం చేరితే గొంతు ఇక హెచ్చరించదు. మొదటి సిగరెట్‌కు చాలామంది పిల్లలకు దగ్గు వస్తుంది, కొందరు అక్కడే ఆగిపోతారు. ఈ కుర్రాడికి ఆ అడ్డు లేకుండా పోయింది.

బయటికి వచ్చే మబ్బు నీటి ఆవిరి కాదు. ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ సన్నటి తుంపరలు. గ్లైకాల్ తేమను లాక్కుంటుంది, అందుకే ఆ ఎండిన నోరు, గరగర. ద్రవాన్ని వేడిచేసే తీగ (కాయిల్) బాగా వేడెక్కితే ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటి హానికర రసాయనాలు పుడతాయి. లోహాల రేణువులు కూడా కొన్ని కలుస్తాయి.

నిర్ధారణ

నికోటిన్ డిపెండెన్స్, దానితో ముడిపడిన యాంగ్జైటీ. ఈ-సిగరెట్ల కోసమే తయారైన పెన్ స్టేట్ డిపెండెన్స్ ఇండెక్స్‌లో 20కి 15. అందులో 13 గానీ అంతకు మించి గానీ వస్తే తీవ్రమైన ఆధారపడటం కింద లెక్క. యాంగ్జైటీని కొలిచే ప్రశ్నావళి జీఏడీ-7లో 21కి 14. మూత్రంలో కోటినిన్ (నికోటిన్ ఒంట్లో విరిగి మారే పదార్థం) పాజిటివ్. గంజాయి, ఇతర మాదకద్రవ్యాలకు నెగెటివ్. ఛాతీ ఎక్స్‌రే, ఆక్సిజన్ బాగున్నాయి.

తోటి వైద్యుల కోసం ఒక మాట. పొగతాగేవాళ్లకు చేసే కార్బన్ మోనాక్సైడ్ ఊపిరి పరీక్ష ఇక్కడ పనికిరాదు. వేప్‌లో ఏదీ కాలదు కాబట్టి మీటర్ అమాయకంగా తక్కువ అంకె చూపిస్తుంది. చూడాల్సింది కోటినిన్. గంజాయి సంగతి గుచ్చి అడగడానికీ కారణముంది. 2019–20లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని 2,800 మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు, 68 మంది చనిపోయారు. అందులో ఎక్కువమంది వాడినవి గంజాయి సారం నింపినవి, వాటిలో కలిపిన విటమిన్-ఇ అసిటేట్ ప్రధాన కారణమని తేలింది. జ్వరం, దగ్గు, ఆయాసం, వాంతులు కలిసి వస్తే ఇలాంటి కేసును మనోవైద్యుల గదిలో కూర్చోబెట్టకూడదు.

ప్యానిక్ డిజార్డర్ (ఉన్నట్టుండి తీవ్రమైన భయం, దడ మళ్లీ మళ్లీ ముంచుకొచ్చే జబ్బు) విడిగా ఉందా అన్న ప్రశ్న మిగిలింది. నికోటిన్ ఆగి నాలుగు వారాలు గడిస్తే కానీ తేలదని అప్పటికి పక్కన పెట్టాను, కొత్త మానసిక మందులేవీ మొదలుపెట్టలేదు.

చికిత్స

నాడి అంకెలు చూశాక మానాలన్న ఆలోచన అతనిదే. రెండు వారాల తర్వాతి శనివారం తేదీ పెట్టుకున్నాడు. ఆలోపు రెండు పనులిచ్చాను. వేప్‌ని పక్క మీదికి, బాత్రూమ్‌లోకి తీసుకెళ్లకూడదు. లాగిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక గీత పెట్టాలి. మొదటిరోజే గీతలు నూరు దాటాయి. ఆ అంకె చూసి అతనే భయపడ్డాడు, నేను చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

నికోటిన్ ప్యాచ్ 21 మిల్లీగ్రాములు, కోరిక ఎక్కువైనప్పుడు 2 మిల్లీగ్రాముల గమ్. అతను ఒప్పుకున్నాకే వాళ్లమ్మకు సంగతి చెప్పాం. నికోటిన్ వల్లే దడ అని చెప్పి మళ్లీ నికోటినే అంటిస్తారేమిటని ఆమె అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. వేప్ నుంచి నికోటిన్ సెకన్లలో ఒక్కసారిగా తలకెక్కుతుంది, నిమిషాల్లో జారిపోతుంది. వ్యసనం ఆ ఎక్కడం దిగడంలో ఉంది. ప్యాచ్ నుంచి చర్మం గుండా రోజంతా మెల్లగా, సమంగా చేరుతుంది. మెదడుకి లోటు తెలియదు, ఊపూ తెలియదు. గమ్ కూడా బబుల్‌గమ్‌లా నమలకూడదు. చురుక్కుమనేదాకా నమిలి బుగ్గన పెట్టుకోవాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి. అంతకు పావుగంట ముందు టీ, కాఫీ వద్దు, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ ఒంటికి పట్టదు. ఈ వివరం చెప్పకుండా గమ్ రాస్తే, గబగబా నమిలి మింగేసి ఎక్కిళ్లు, కడుపులో మంట అని మానేస్తారు.

ప్యాచ్ సరిపోకపోతే వరెనిక్లిన్ అనే, నికోటిన్ మాన్పించడానికి వాడే మాత్ర మొదలుపెడదామనుకున్నాను. 16 నుంచి 25 ఏళ్ల వేపర్ల మీద అమెరికాలో చేసిన పరీక్షలో అది బాగా పనిచేసిందని 2025లో ఫలితాలు వచ్చాయి. ఇతనికి అవసరం రాలేదు.

చేతికి, నోటికి ఉన్న అలవాటు వేరే సమస్య. జేబులో సోంపు, లవంగం డబ్బా పెట్టుకున్నాడు. బిల్డ్ రన్ అయ్యేటప్పుడు మెట్ల దగ్గరికి కాకుండా నీళ్ల బాటిల్ నింపుకోవడానికి వెళ్లమన్నాను. కోరిక ఎంత గట్టిగా వచ్చినా కొద్ది నిమిషాల్లో దానంతట అదే తగ్గుతుంది, తగ్గేదాకా గడియారం చూస్తూ ఉండు, దానితో వాదన పెట్టుకోకు అని చెప్పాను.

మానాక

రెండో రోజు, మూడో రోజు కష్టం. తలనొప్పి, ఆకలి, మలబద్ధకం, నోట్లో పుండ్లు, రూమ్మేట్‌తో గొడవ. "మెదడు మీద దుప్పటి కప్పినట్టుంది, ఒక్క బగ్ కూడా కనిపిస్తలేదు" అని మెసేజ్ పెట్టాడు. ఇదంతా ముందే చెప్పి ఉంచాం కాబట్టి కంగారు పడలేదు. ఆఫీసులో ఆ రెండు రోజులూ సెలవు పెట్టించాను. ప్యాచ్‌తో పిచ్చి కలలు వస్తున్నాయంటే రాత్రి పడుకునేముందు తీసేయమన్నాను.

రెండో వారం చివరికి నోటికి రుచి తెలియడం మొదలైంది. అమ్మ పంపిన చింతకాయ పచ్చడి మళ్లీ కారంగా ఉందని చెప్పాడు. నాడి 76కి దిగింది. నాలుగో వారానికి రాత్రి పన్నెండులోపు నిద్ర. ప్రొప్రనలాల్‌ను గుండె డాక్టర్ గారితో మాట్లాడి మెల్లగా తగ్గించి ఆపాం.

ఐదో వారంలో మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌లో ఫ్రెండ్ పుట్టినరోజు. ఒంటి మీద ప్యాచ్ ఉండగానే వేరేవాళ్ల వేప్ అయిదారు దమ్ములు లాగాడు. తల తిరిగి, చెమటలు పట్టి, వాంతి. అపాయింట్‌మెంట్‌కి ముందే తలవంచుకుని వచ్చాడు. నేను తిట్టలేదు, తిడితే ఇంకోసారి చెప్పడు. ఎంతమందిలో, ఎన్ని గంటలకు, ఎవరి చేతిలోంచి అన్నది రాసుకున్నాం. తెల్లవారాక మళ్లీ లాగలేదని తేలింది. ఒక రాత్రి జారడం, పాత అలవాటులోకి తిరిగి పడిపోవడం ఒకటి కావు. ప్యాచ్ అలాగే కొనసాగించాం. "డాక్టర్ వద్దన్నారు, నాకు పడట్లేదు" అని చెప్పడం ఇద్దరం కలిసి సాధన చేశాం. పార్టీలో వద్దనడానికి ఈ వయసు పిల్లలకు నిజంగానే ఒక వాక్యం కావాలి.

చర్చ

ఇంగ్లండ్‌లో సిగరెట్ మానలేని పెద్దవాళ్లకు వేప్‌ని సాయంగా ఇస్తున్నారని ఈ కుర్రాడే నాతో వాదించాడు. ఆ మాట నిజం. కాలే పొగాకు కన్నా దానిలో హాని తక్కువ, కొందరు దానితో సిగరెట్ మానారు కూడా. కానీ ఆ లెక్క ఇరవయ్యేళ్లు సిగరెట్ తాగిన మనిషిది. అసలు పొగే తాగని ఇరవయ్యేళ్ల కుర్రాడు తగ్గించుకుంటున్న హాని ఏదీ లేదు, కొత్తగా తెచ్చుకుంటున్నాడు. అదే ఇంగ్లండ్‌తో సహా బ్రిటన్ అంతటా 2025 జూన్ నుంచి డిస్పోజబుల్ వేప్‌ల అమ్మకం ఆపేశారు. పైగా మెదడు ఎదుగుదల పాతికేళ్ల వరకు సాగుతుంది, ఆ వయసులో నికోటిన్ పట్టు ఇంకా గట్టిది.

మా ఊళ్లో ఇంకో చిక్కు ఉంది. తల్లిదండ్రులకు ఆ వస్తువు కనిపించినా తెలియదు. ఈ కుర్రాడి తండ్రి దాన్ని పెన్‌డ్రైవ్ అనుకుని ఒకసారి జాగ్రత్తగా బీరువాలో పెట్టారట. బట్టలకు పొగాకు వాసన ఉండదు, పండ్ల వాసన ఉంటుంది. గమనించాల్సినవి వేరే: కొత్తగా వచ్చిన దడ, ఎండిన నోరు, మాటిమాటికీ బాత్రూమ్, అరగంట సినిమా కూడా కూర్చుని చూడలేకపోవడం.

ప్రస్తుతం

ఆరు వారాలు 21, తర్వాత రెండేసి వారాలు 14, 7 చొప్పున తగ్గించి ప్యాచ్ ఆపాం. నాలుగో నెలలో జీఏడీ-7 స్కోరు 4, నాడి 74. దడ మళ్లీ రాలేదు కాబట్టి ప్యానిక్ డిజార్డర్ నిర్ధారణ అవసరం పడలేదు. మూడు కిలోలు బరువు పెరిగాడు, దానికి పొద్దున నడక మొదలైంది. బౌలింగ్ కూడా. బిల్డ్ కోసం ఎదురుచూసే నిమిషాల్లో మాత్రం చెయ్యి ఇప్పటికీ జేబులోకి వెళ్తుందట. రోజుకు రెండు మూడు గమ్‌లు మిగిలాయి.

మొన్న వచ్చినప్పుడు తల్లి తన భర్త బీడీల అలవాటు గురించి అడిగారు. పొగాకు మానడానికి సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ నంబర్ 1800-11-2356 రాసిచ్చాను, ఫోన్ చేయడానికి డబ్బులేమీ కావు. కుర్రాడి గమ్ వచ్చే నెలలో ఆపాలి. గమ్ వాడుతున్నంతకాలం కోటినిన్ ఎలాగూ పాజిటివ్ వస్తుంది కనుక, ఆపిన రెండు వారాలకు మళ్లీ పరీక్ష చేద్దామని అనుకున్నాం.